జపాన్‌లో అమ్మతో: గణపతి గుడి ముల్లంగి, కోయాసాన్ హోమం

నవంబర్‌లో అమ్మని తీసుకుని జపాన్ వెళ్ళొచ్చా. వచ్చి ఇంకా వారం కూడా కాలేదు, చూసినవి మనసులో పచ్చిగా ఉండగానే రాసేద్దామని కూర్చున్నా. టికెట్లు, వీసా, హోటల్ బుకింగుల గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నా. అమ్మ చేప, మాంసం, గుడ్డు ముట్టదు, నేను అన్నీ తింటా, అందుకని తిండి సంగతి మాత్రం రెండు వైపుల నుంచీ చెప్పగలను. మేం వెళ్ళినప్పుడు 100 యెన్‌లంటే మన 55 రూపాయలు, కొంచెం అటూ ఇటూ.

నవంబర్ 5, నిషి కసాయ్

మా పిన్ని కొడుకు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు, ఉండేది నిషి కసాయ్‌లో. ఊరికి తూర్పు వైపు ఎదొగావా వార్డులో ఉంటుందిది. వైటూకే టైమ్‌లో, అంటే 2000 చుట్టుపక్కల, వచ్చిన మన ఐటీ వాళ్ళు, ఆఫీసులుండే ఒతెమాచికి తోజాయ్ లైన్ మీద నేరుగా వెళ్ళిపోవచ్చని ఇక్కడ ఇళ్ళు తీసుకోవటం మొదలుపెట్టారు, ఇప్పుడు కందిపప్పు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ అన్నీ దొరికే కొట్లున్నాయి, సాయంత్రం పార్కులో తెలుగు కూడా వినిపిస్తుంది.

వాడి అపార్ట్‌మెంట్ చిన్నది, కానీ తలుపు తియ్యగానే చెప్పులు వదలటానికి ఒక మెట్టు కిందకి వేరే జాగా ఉంది. విడిచిన చెప్పుల్ని ముందు వైపు బయటికి ఉండేలా తిప్పి పెట్టాలి, వెళ్ళేటప్పుడు కాలు పెడితే సరిపోయేలా. బాత్రూమ్‌కి వేరే స్లిప్పర్లు. అమ్మకి ఇదంతా చాలా నచ్చింది, మన ఇళ్ళలో ఇంత పట్టింపు ఎందుకు పోయిందని కాసేపు బాధపడింది కూడా. ఇంకా నచ్చింది టాయిలెట్‌లో నీళ్ళ ఏర్పాటు. 1980లో తోతో కంపెనీ వాష్‌లెట్ అని మొదలుపెట్టిన ఆ సీట్లు ఇప్పుడు రైల్వే స్టేషన్లలో కూడా ఉన్నాయి, చలిలో కూర్చుంటే వెచ్చగా ఉంటాయి, పక్కన బటన్లు. యూరప్ వెళ్ళినప్పుడు పేపర్ తప్ప ఏమీ లేక అమ్మ పడ్డ ఇబ్బంది నాకు గుర్తుంది, ఇక్కడ ఆ బాధే లేదు.

ఫ్రిజ్ మీద చెత్త క్యాలెండర్ అంటించి ఉంది. ఏ వారం ఏ చెత్త అనేది దాని ప్రకారమే. కాల్చేది ఒక రోజు, కాల్చనిది ఒక రోజు, ప్లాస్టిక్ సీసా అయితే మూత తీసి, చుట్టూ ఉన్న లేబుల్ పీకి, కడిగి, నొక్కి వెయ్యాలి. వీధిలో మాత్రం చెత్తబుట్ట కనపడదు. 1995లో ఓమ్ షిన్రిక్యో అనే మతముఠా వాళ్ళు టోక్యో మెట్రోలో సరిన్ విషం వదిలి జనాన్ని చంపాక భద్రత కోసం స్టేషన్లలోంచీ వీధుల్లోంచీ చాలా బుట్టలు తీసేశారు, జనం ఎవరి చెత్త వాళ్ళు సంచీలో ఇంటికి మోసుకెళ్ళటం అలవాటైపోయింది. బుట్టలు తీసేసినా రోడ్లు ఇంత శుభ్రంగా ఉండటం మాత్రం నన్ను నిజంగా కదిలించింది, ఎందుకంటే అక్కడ ఊడ్చేవాళ్ళ కంటే పారెయ్యనివాళ్ళ వల్లే ఆ శుభ్రం అని రోజంతా కళ్ళారా చూశా.

తమ్ముడు రాత్రి అమ్మకి పాఠం చెప్పాడు. "పెద్దమ్మా, రైల్లో ఫోన్ మోగకూడదు, వాట్సాప్ కాల్ అస్సలు వద్దు."

"అయితే అంతమంది కూర్చుని ఏం చేస్తార్రా?"

"నిద్రపోతారు పెద్దమ్మా."

నిజంగానే అంతే. బ్యాగ్ వీపు మీంచి తీసి ముందుకు వేసుకుంటారు, వెనకవాళ్ళకి తగలకుండా. పొద్దునపూట ఆ నిశ్శబ్దం బాగుంటుంది, రాత్రి పదకొండు దాటాక అదే రైల్లో సూటు వేసుకున్న మనుషులు నిలబడే కునుకు తీస్తుంటే మాత్రం గుండె బరువెక్కింది. ఆ దేశం ఎంత అందంగా నడుస్తుందో చెప్పేటప్పుడు, దాన్ని నడిపేవాళ్ళు ఎంత అలసిపోయి ఉన్నారో కూడా చెప్పాలి.

నవంబర్ 6, అసకుసా

సెన్సోజీ గుడికి అందరూ వెళ్తారు. సుమిదా నదిలో ఇద్దరు అన్నదమ్ములు వల వేస్తే కన్నోన్ (కరుణ చూపే బోధిసత్వుడు) విగ్రహం దొరికిందనీ, అది 628లో జరిగిందనీ స్థలపురాణం. ముందు దుకాణాల వీధిలో తినేవి కొంటే కొన్న కొట్టు దగ్గరే నిలబడి తినేసి, కాగితం వాళ్ళకే ఇచ్చేసి కదలాలి, నడుస్తూ తినొద్దని బోర్డులున్నాయి. గుడి దగ్గర 100 యెన్‌లు వేసి, లోహపు డబ్బా ఊపితే ఒక పుల్ల బయటికొస్తుంది, దాని మీది నంబరున్న సొరుగులోంచి జోస్యం చీటీ తీసుకోవాలి. ఇక్కడ చెడ్డ చీటీలు ఎక్కువ వస్తాయని పేరు, అమ్మకి అదే వచ్చింది. చెడ్డది వస్తే ఇంటికి తీసుకెళ్ళకుండా అక్కడే ఉన్న తీగలకి కట్టేసి రావాలి. అమ్మ రెండు ముళ్ళు వేసి మరీ కట్టింది.

నేను అసలు వెళ్ళాలనుకున్నది దానికి ఈశాన్యంగా, నది వైపు ఒక పది నిమిషాలు నడిస్తే వచ్చే మత్సుచియామా షోదెన్. చిన్న గుట్ట మీద గుడి. ఇక్కడి దేవుడు కాంగితెన్, అంటే మన వినాయకుడే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా వెళ్ళి అక్కడ ఏనుగు తలతో ఆలింగనం చేసుకున్న జంట రూపంలో స్థిరపడ్డాడు. ఆ మూర్తిని బయటికి చూపించరు, మూసిన మందసంలోనే పూజలు. మెట్ల మీద, దీపాల మీద, గోడల మీద ఎక్కడ చూసినా రెండే గుర్తులు, ఒకటి జంట ముల్లంగి, ఇంకోటి డబ్బు సంచీ. ముల్లంగి ఆరోగ్యానికీ దాంపత్యానికీ, సంచీ వ్యాపారానికీ.

కొబ్బరికాయ కొట్టే చోటు వెతికే అలవాటున్న అమ్మకి నైవేద్యం కింద తెల్లటి పొడుగాటి ముల్లంగి కొని చేతికిస్తే కాసేపు దాని వైపే చూస్తూ ఉండిపోయింది. కొన్ని వందల యెన్‌లు ఉంటుందంతే. లోపల పీఠం మీద అప్పటికే ముల్లంగులు పేర్చి ఉన్నాయి, ఆఫీసు బట్టల్లో ఒకాయన, చంకలో పసిబిడ్డతో ఒకావిడ, మా వెనక ఇద్దరు ముసలివాళ్ళు, అందరి చేతుల్లో ముల్లంగే. చప్పుడు లేకుండా వచ్చి పెట్టి, దణ్ణం పెట్టుకుని పక్కకి తప్పుకుంటున్నారు. బయటికొచ్చాక చూస్తే నైవేద్యం పెట్టిన ముల్లంగుల్ని భక్తులు తీసుకెళ్ళటానికి ఒక పక్కన ఉంచారు, ఉచితం. అమ్మ కళ్ళకద్దుకుని ఒకటి తీసుకుంది. ఆ రాత్రి నిషి కసాయ్‌లో ముల్లంగి పులుసు, మన ముల్లంగి ఘాటు లేదు, తియ్యగా మెత్తగా ఉడికింది, తమ్ముడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. జపాన్ మొత్తంలో నేను తిన్న వాటిలో దేన్ని మొదట చెప్పమన్నా దీన్నే చెప్తా.

సరస్వతి బెంజైతెన్‌గా, లక్ష్మి కిచిజోతెన్‌గా, ఇంద్రుడు తైషకుతెన్‌గా, యముడు ఎన్మాగా వీళ్ళందరూ అక్కడ ఉన్నారని చదివి ఉన్నా, కానీ జనం ఈ రోజుకీ సంచీలో ముల్లంగి వేసుకుని వచ్చి మొక్కుతున్న దేవుణ్ణి చూడటం వేరు.

నవంబర్ 7, షింజుకు, తర్వాత స్నానం

షింజుకు స్టేషన్ రోజుకి 30 లక్షల పైన జనం వాడే స్టేషన్, ప్రపంచంలో ఇంత రద్దీది లేదు, బయటికెళ్ళే దారులే 200 దాటి ఉంటాయి. మాకు పడమర వైపు ఉన్న టోక్యో మెట్రోపాలిటన్ గవర్నమెంట్ బిల్డింగ్‌కి వెళ్ళాలి, 45వ అంతస్తు నుంచి ఊరంతా ఉచితంగా చూడొచ్చు. తేలింది తూర్పున. చేతిలో కూరగాయల సంచీతో ఒక పెద్దాయన ఆగి, ఫోన్‌లో మ్యాప్ చూసి, వేలు కాకుండా అరచెయ్యి మొత్తం చాపి దారి చూపించాడు, మా మొహాలు చూసి అర్థం కాలేదనుకున్నాడేమో, తనే ముందు నడిచి అండర్‌పాస్ దాటించి, పడమర వైపు వచ్చాక తల వంచి మళ్ళీ వెనక్కి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాల్సింది తూర్పుకే. అమ్మ ఆయన కనపడినంతసేపూ దణ్ణం పెట్టిన చేతులు దించలేదు.

ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమ పక్కన నిలబడతారు, కుడి పక్క నడిచేవాళ్ళకి వదిలేస్తారు. ఒసాకా వెళ్తే ఇది తిరగబడుతుంది, అక్కడ నిలబడేది కుడి పక్కన.

సాయంత్రం సెంతోకి వెళ్ళాం, అంటే పేటలో ఉండే స్నానాలగది. టోక్యోలో పెద్దవాళ్ళకి 550 యెన్‌లు. ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు, లోపల నూలుపోగు ఉండకూడదు. అమ్మ "నువ్వెళ్ళిరా తల్లీ" అని బయట బెంచీ మీద కూర్చుండిపోయింది, నేను వెళ్ళా. వేడినీళ్ళ తొట్టిలో దిగటానికి ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకుని నురగ పూర్తిగా పోయేదాకా కడుక్కోవాలి, తొట్టి ఒళ్ళు శుభ్రం చేసుకునే చోటు కాదు, అందరూ కూర్చునే చోటు. చిన్న తువ్వాలు నీళ్ళలో తగలకూడదు, మడిచి నెత్తి మీద పెట్టుకుంటారు. స్నానం అయ్యాక తను కూర్చున్న పీటని, బకెట్‌ని కడిగి బోర్లించి, చుట్టూ ఉన్న నురగ మీద కూడా నీళ్ళు పోసి లేస్తారు. డెబ్భై దాటిన ఒకావిడ అది చేస్తుంటే చూస్తూ ఉన్నా. ఆవిడ తర్వాత ఆ పీట మీద కూర్చునేది ఎవరో ఆవిడకి తెలీదు, అయినా చివరి చెంబు నీళ్ళు ఆ వచ్చే మనిషి కోసమే పోసింది. జపాన్ మర్యాదలన్నీ నాకు ఈ ఒక్క పనిలో కనిపించాయి. గోడ మీద ఫుజి కొండ బొమ్మ, 42 డిగ్రీల నీళ్ళు, ఐదు నిమిషాలకే ఎర్రగా కందిపోయా. బయటికి వస్తే అమ్మ, కౌంటర్ దగ్గరావిడ ఒకరి భాష ఒకరికి రాకుండానే మనవల ఫోటోలు చూపించుకుంటున్నారు, అమ్మ చేతిలో గాజుసీసా పాలు.

నవంబర్ 8, రైల్లో క్యోతోకి

సూట్‌కేసులు మేం మొయ్యలేదు. నల్లపిల్లి బొమ్మ ఉన్న యమాతో కొరియర్ వాళ్ళకి ముందు రోజు ఇచ్చేస్తే క్యోతోలో మేం దిగే చోటికి చేర్చేశారు, ఒక్కోదానికి సుమారు 2,500 యెన్‌లు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఈ ఖర్చుకి వెనకాడొద్దు, అక్కడి స్టేషన్ల మెట్లు చాలా కష్టం.

టోక్యో స్టేషన్ లోపల టీస్ తాన్‌తాన్ అని ఒక కొట్టు ఉంది, మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేని రామెన్. అమ్మ జపాన్‌లో బయట తిన్న మొదటి వేడి భోజనం ఇదే, నువ్వుల పేస్ట్ వేసిన చిక్కటి పులుసులో నూడుల్స్. ఇది ఎందుకు గొప్ప సంగతో చెప్పాలి. జపాన్‌లో కూరగాయ కూర, టోఫూ, ఉదోన్ నూడుల్స్, చివరికి వంకాయ వేపుడు మీద పోసే రసం కూడా దాషీతో చేస్తారు, అందులో కత్సువోబుషి ఉంటుంది, ఎండబెట్టి పొగబెట్టిన చేపని చెక్కపొట్టులా గీకినది. మాంసం లేదని చెప్తారు, అబద్ధం కాదు, వాళ్ళ దృష్టిలో ఆ రసం చేప కిందకి రాదు. కాబట్టి "వెజిటేరియన్" అన్న మాట చాలదు, దాషీ వద్దని జపనీస్‌లో రాసిన కాగితం చూపించాలి. తమ్ముడు రాసిచ్చిన కాగితం అమ్మ పర్సులో చివరిదాకా ఉంది. అది చదివి ఒక కొట్టతను ఐదు నిమిషాలు వంటింట్లో మాట్లాడి వచ్చి, మా దగ్గర మీరు తినగలిగేది అన్నం ఒక్కటే అని తల వంచి చెప్పాడు. ఏదో ఒకటి పెట్టి డబ్బు తీసుకోకుండా ఉన్నమాట చెప్పినందుకు ఆ మనిషి మీద నాకు గౌరవం.

కన్వీనియన్స్ స్టోర్లలో 150 నుంచి 200 యెన్‌లకి ఓనిగిరి దొరుకుతుంది, సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్ద. కవరు మీద 1, 2, 3 అని నంబర్లు, ఆ వరసలో లాగితే నాచు తడవకుండా ఫెళఫెళలాడుతూ అన్నానికి చుట్టుకుంటుంది. లోపల ఉమెబోషి (ఉమె పండు ఊరగాయ) ఉన్నది అమ్మకి, దాని మీద పదార్థాల లిస్టు కూడా ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూసుకోవాలి, కొన్నిట్లో చేప సారం కలుపుతారు. ఉమెబోషి నోట్లో పెట్టుకున్న క్షణం అమ్మ మొహం వెలిగిపోయింది, ఉప్పులో ఊరి ఎండిన పులుపు, మన చింతకాయ తొక్కు తిన్నట్టే.

షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు 1964 అక్టోబర్ 1న మొదలైంది, టోక్యో నుంచి క్యోతోకి నొజొమి రైల్లో రెండుంపావు గంటలు, మనిషికి 14,000 యెన్‌ల దగ్గర. టూరిస్టులకిచ్చే వారం రోజుల రైలు పాస్ (జేఆర్ పాస్) 2023 అక్టోబర్‌లో 29,650 నుంచి 50,000 యెన్‌లకి పెంచేశారు, మా లాంటి రూట్‌కి విడి టికెట్లే నయం. కుడి వైపు కిటికీ, ఇ సీటు తీసుకుంటే ఫుజి కనిపిస్తుంది, మాకు ఆకాశం శుభ్రంగా ఉండి పాదం నుంచి మంచు టోపీ దాకా కనిపించింది. రైలు సిబ్బంది బోగీ దాటేటప్పుడు తలుపు దగ్గర వెనక్కి తిరిగి, ఎవరూ చూడకపోయినా, జనానికి తల వంచి మరీ వెళ్తారు.

నవంబర్ 9, క్యోతో

పొద్దున్నే ఆరుకి ఫుషిమి ఇనారి. కొండ 233 మీటర్లు, దారి పొడుగునా సుమారు 10,000 ఎర్ర తోరణాలు. ఎక్కేటప్పుడు ఖాళీగా కనిపించే ఆ స్తంభాల మీద, తిరిగి దిగేటప్పుడు చూస్తే వెనక వైపు నల్లటి అక్షరాలు. అవి ఇచ్చిన వ్యాపారుల పేర్లు, తేదీలు. మొక్కు తీరి ఇచ్చినవి, తీరాలని ఇచ్చినవి. చెక్క కుళ్ళిపోతే తీసి కొత్తది పెడతారు. సగం దాకా ఎక్కేసరికి జనం పలచబడ్డారు, అమ్మ మోకాళ్ళు కూడా అక్కడికి చాలన్నాయి.

ఊళ్ళో సిటీ బస్సు వెనక తలుపు నుంచి ఎక్కి ముందు నుంచి దిగుతాం, దిగేటప్పుడు 230 యెన్‌లు. బస్సులన్నీ టూరిస్టులతో కిక్కిరిసి ఉన్నాయి, కూరగాయల బండి పట్టుకుని స్టాప్‌లో నిలబడ్డ ముసలావిడ ఎక్కలేక వదిలేసిన బస్సులో మేం ఉన్నాం, అది నాకు అస్సలు బాగనిపించలేదు. గియోన్‌లో కొన్ని ప్రైవేటు సందుల్లోకి వెళ్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు, గెయికోల (అక్కడి గెయిషాల) వెంటపడి ఫోటోలు తియ్యటం భరించలేక. వాళ్ళ కోపం న్యాయమే. మేం ఆ తర్వాత దూరం తక్కువైన చోట్లన్నీ నడిచాం.

నాంజెన్‌జీ గుడి చుట్టుపక్కల యుదోఫు వడ్డించే పాత భోజనశాలలున్నాయి, మట్టికుండలో నీళ్ళలో మెల్లగా వేడెక్కే టోఫూ. మామూలుగా ముంచుకునే సాస్‌లో దాషీ ఉంటుంది, కాగితం చూపిస్తే అమ్మకి ఉత్త సోయాసాస్, అల్లం, ఉల్లికాడలు ఇచ్చారు. ఇద్దరికీ కలిపి 7,000 యెన్‌ల పైన అయింది, టోఫూకి అంతా అనిపిస్తుంది, కానీ ఆ టోఫూ మన సూపర్‌మార్కెట్‌ది కాదు, గరిటెకి వణుకుతూ వస్తుంది, సోయా గింజ వాసన నోట్లో నిలుస్తుంది. బిల్లు డబ్బు చేతిలో పెట్టకూడదు, కౌంటర్ మీద చిన్న పళ్ళెం ఉంటుంది, అందులో పెట్టాలి. టిప్పు ఇవ్వకూడదు, ఇస్తే వెనకాల పరిగెత్తుకొచ్చి మర్చిపోయారంటూ ఇచ్చేస్తారు.

నవంబర్ 10, నారా

ఆదివారం. షిచిగోసాన్ రోజులు కాబట్టి మూడు, ఐదు, ఏడేళ్ళ పిల్లల్ని కిమోనోలు కట్టి గుళ్ళకి తీసుకొస్తున్నారు, అసలు పండగ నవంబర్ 15న. మూడేళ్ళ పిల్ల ఒకతి కిమోనోలో అడుగు తీసి అడుగు వెయ్యలేక వాళ్ళ తాత వేలు పట్టుకుని ఉంది, రెండో చేతిలో తనంత పొడుగు మిఠాయి పుల్లల సంచీ. దాన్నీ వాసన చూడటానికి జింకలు వెంటపడుతున్నాయి. పార్కులో వెయ్యికి పైగా జింకలున్నాయి, 200 యెన్‌లకి వాటి బిస్కెట్ల కట్ట, మనం తల వంచితే అవీ వంచుతాయి, ఆలస్యం చేస్తే చీరకొంగు లాగుతాయి, అమ్మ కొంగు లాగాయి.

తోదాయ్‌జీ గుడి పెద్ద బుద్ధుడు సుమారు 15 మీటర్ల కంచు విగ్రహం. 752లో ఆ విగ్రహానికి కళ్ళు తెరిపించింది మన దేశం నుంచి వెళ్ళిన భిక్షువు బోధిసేనుడు, 736లో అక్కడికి చేరాడు. ఆయన చేతిలో కుంచె, దానికి పొడుగాటి దారాలు కట్టి ఆ చివర అక్కడికొచ్చినవాళ్ళు పట్టుకున్నారు, కనుపాప దిద్దిన పుణ్యం అందరికీ చెందాలని. ఆ కుంచె, దారం షోసోయిన్ భండారంలో ఇప్పటికీ ఉన్నాయి. ఈ కథ చెప్పగానే అమ్మ హాలు మధ్యలో ఆగిపోయి చాలాసేపు పైకి చూసింది. బయట వరండాలో బుద్ధుడి శిష్యుడు బింజురు చెక్క విగ్రహం, మనకి ఎక్కడ నొప్పి ఉంటే ఆయన ఒంటి మీద అక్కడ ముట్టుకోవాలి. మోకాళ్ళు తడిమి తడిమి నునుపెక్కి ఉన్నాయి.

నవంబర్ 12, కుదోయామా, కోయాసాన్

ఒసాకా నాంబా నుంచి నంకాయ్ రైలు. కొండ కింద కుదోయామాలో దిగాం, పళ్ళ కాలం, పర్సిమన్ (జపనీస్‌లో కాకి అంటారు) చెట్లు ఆకులు రాల్చేసి నారింజ రంగు పళ్ళతో నిలబడి ఉన్నాయి. రోడ్డు పక్కన మనిషి లేని కొట్టు, సంచుల్లో ఆ పళ్ళు, పక్కన డబ్బులు వేసే డబ్బా. మేం వేసిన నాణేల చప్పుడు తప్ప అక్కడ ఎవరూ లేరు.

ఇక్కడి జిసోన్‌ఇన్ గుడికి చాలామంది రారు, తల్లితో వెళ్ళేవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. కోయాసాన్ కొండ మీద మఠం కట్టటానికి, షింగోన్ అనే బౌద్ధశాఖ పెట్టిన భిక్షువు కూకాయ్ 816లో చక్రవర్తి దగ్గర అనుమతి పొందాడు. కొడుకుని చూడాలని తల్లి వచ్చింది, కానీ కొండ మీద ఆడవాళ్ళకి ప్రవేశం లేదు, అందుకని ఆవిడ కిందే ఉండిపోయింది, ఆయనే నెలకి తొమ్మిదిసార్లు దిగొచ్చేవాడని చెప్తారు. "కన్నతల్లిని కూడా ఎక్కనివ్వలేదా?" అంది అమ్మ. ఆ నిషేధాన్ని 1872లో ప్రభుత్వం ఎత్తేసింది, కోయాసాన్ మీద మాత్రం ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేదాకా సాగింది. నాకూ ఆ నియమం మీద కోపమే వచ్చింది, ఇప్పుడు మేమిద్దరం కేబుల్ కార్‌లో పైకి వెళ్తుంటే ఆ తల్లి గుర్తొస్తూనే ఉంది.

రాత్రి బస గుళ్ళోనే. మేం ఉన్న చోట మనిషికి 15,000 యెన్‌లు, రెండు పూటలా భోజనంతో. భోజనం షోజిన్ ర్యోరి, బౌద్ధ సన్యాసుల వంట, చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి ఉండవు, రసం కొంబు నాచు, షీటాకే పుట్టగొడుగులతో కాస్తారు. ఎర్ర లక్క పీటల మీద ఒక్కొక్కరికీ విడివిడిగా వచ్చింది: నువ్వుల టోఫూ, కోయా టోఫూ, గుమ్మడి తెంపురా, ఊరబెట్టిన ముల్లంగి. కోయా టోఫూ అంటే ఈ కొండ చలిలో గడ్డకట్టించి ఆరబెట్టినది, రసం పీల్చుకుని స్పాంజిలా ఉంటుంది. ఇన్ని రోజుల తర్వాత కాగితం తియ్యకుండా, అనుమానం లేకుండా, అమ్మ అన్ని గిన్నెలూ ఖాళీ చేసింది. స్నానాలగదిలో ఎవరూ లేరని తెలిసి ఒక్కతే వెళ్ళి వేడి తొట్టిలో అరగంట కూర్చుంది కూడా.

తెల్లవారి ఆరున్నరకి పూజ, తర్వాత గోమా. అది హోమమే. వేదిక మధ్య అగ్నిగుండం, సమిధలు, నూనె, ధాన్యం, చేతిముద్రలు, మంత్రం. ప్రజ్ఞాపారమిత హృదయ సూత్రం చదివి చివరికొచ్చేసరికి సంస్కృత మంత్రం జపనీస్ గొంతులో వినిపించింది, అమ్మ కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకుంది. సమాధుల మీద పలకల మీద సిద్ధం అనే పాత భారతీయ లిపిలో బీజాక్షరాలు. షింగోన్ గురుపరంపరలో నాగార్జునుడున్నాడు, దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఈ విద్య అందుకున్నాడని వాళ్ళ నమ్మకం, కొంపోన్ దాయితో గోపురం లోపల ఎనిమిదిమంది గురువుల చిత్రాల్లో ఆయనదీ ఉంది. నాగార్జునకొండ, అమరావతి తెలిసిన మనవాళ్ళు అక్కడ నిలబడితే ఏమనిపిస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఓకునోయిన్ శ్మశానం రెండు కిలోమీటర్ల దారి, దేవదారు చెట్ల కింద 2,00,000 పైన సమాధులు. దైమ్యోల (పాతకాలపు సామంతుల) రాతిగోపురాల పక్కనే కంపెనీల స్మారకాలు, ఒకటి రాకెట్ ఆకారంలో, ఇంకోటి చెదపురుగులని చంపే వ్యాపారుల సంఘం ఆ చెదల కోసం పెట్టింది. చివర కూకాయ్ 835 నుంచి ధ్యానంలోనే ఉన్నాడని నమ్మకం, రోజూ ఆరింటికీ పదిన్నరకీ సన్యాసులు చెక్కపెట్టెలో భోజనం మోసుకెళ్తారు. మేం పదిన్నరది చూశాం. అక్కడికి వెళ్ళే వంతెన దాటాక ఫోటోలు తియ్యకూడదు, అందరూ ఫోన్లు లోపల పెట్టేశారు.

నవంబర్ 14, ఒసాకా

షిన్‌సెకాయ్ పేటలో కుషికత్సు తిన్నా, పుల్లకి గుచ్చి రొట్టెపొడి అద్ది నూనెలో వేయించేవి, పుల్ల 150 యెన్‌ల నుంచి. సాస్ అందరికీ ఒకటే గిన్నె, ఒకసారి కొరికాక మళ్ళీ ముంచకూడదని గోడ నిండా రాసి ఉంటుంది, సాస్ ఇంకా కావాలంటే ఉచితంగా ఇచ్చే క్యాబేజీ ఆకుతో తీసుకుని పోసుకోవాలి. కోవిడ్ తర్వాత కొన్ని కొట్లు సీసాలకి మారిపోయాయి, మేం వెళ్ళింది గిన్నె ఉన్నదే. అదే నూనెలో మాంసం వేగుతుంది కాబట్టి అమ్మ క్యాబేజీతో సరిపెట్టుకుని, బయట కొన్న వేడి చిలగడదుంప తీసింది, నవంబర్‌లో సూపర్‌మార్కెట్ల గుమ్మం దగ్గరే కాల్చి అమ్ముతారు, 300 యెన్‌లు, తేనె కారుతూ ఉంటుంది. కొట్టాయనకి చూపించి అనుమతి అడిగాం, పళ్ళెం కూడా ఇచ్చాడు.

టోక్యో నిశ్శబ్దం ఇక్కడ లేదు. పక్క స్టూల్ మీదావిడ నేరుగా అమ్మ చీర అంచు పట్టుకుని చూసి, ఎక్కడి నుంచని అడిగి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చాక్లెట్లు తీసి చేతిలో పెట్టింది, ఒసాకా పెద్దావిడలకి ఇది అలవాటంట. అమ్మ ఊరుకుంటుందా, సంచీలోంచి ఆత్రేయపురం పూతరేకులు తీసింది. కాగితంలా ఉన్నదాన్ని ఆవిడ ముందు తినాలా విప్పాలా అని చూసి, కొరికి, పెద్దగా అరిచింది. కౌంటర్ అంతా ఇటు తిరిగింది, కొట్టాయన చేతులు తుడుచుకుని వచ్చి ఒకటి తీసుకున్నాడు, ఎలా చేస్తారని ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టాడు. అమ్మకి ఫోన్‌తో పనేముంది, గ్లాసు బోర్లించి ఇది కుండ అంది, కింద వేళ్ళు ఆడించి మంట అంది, టిష్యూ పేపర్ తీసి తడిపి గ్లాసు మీద అటు నుంచి ఇటు లాగి, పిండిలో ముంచిన గుడ్డతో ఇలా ఒక్కసారే, రెండోసారి లాగితే చిరిగిపోతుంది అని తెలుగులో గట్టిగా చెప్పింది, వాళ్ళంతా తలలూపుతూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గ్లాసు బోర్లించి చేసి చూపించమన్నారు.